ఎనిమిది పేజీల ప్రింటవుట్ అక్కర్లేదు: పిల్లలకి రోదసి ప్రయాణం పరిచయం చెయ్యడం ఎలా

మాది సూళ్ళూరుపేట. స్కూలు పక్క సందులో నాకో జిరాక్స్ షాపుంది. ఆగస్టు వచ్చిందంటే నా ప్రింటర్ నిండా రాకెట్లే. 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం, అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు. ఈ రెంటి మధ్యా పిల్లలు వరస కట్టి "ఆంటీ, స్పేస్ ప్రాజెక్టు, ఎనిమిది పేజీలు, కలర్" అంటారు. వెతికేది నేను, బొమ్మలు అతికించేది నేను, స్పైరల్ బైండింగ్ చేసేది నేను. అట్ట మీద పేరు రాసుకోవడం మాత్రం వాళ్ళ పని.

రెండేళ్ళ కిందట ఓ ఏడో తరగతి పిల్లాడు డబ్బులిచ్చి వెళ్ళిపోకుండా కౌంటర్ దగ్గరే నిలబడి కాయితం చదవడం మొదలుపెట్టాడు. అలాంటివాళ్ళు అరుదు. చదివి, "ఆంటీ, పైన గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలతారు అని ఉంది. మరి చందమామ ఇంకా పైనుంది కదా, దాన్ని భూమి ఎట్టా పట్టుకోనుంది?" అన్నాడు.

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. పదిహేనేళ్ళయిందనుకోండి, అయినా చదివాను. పిల్లాడు అడిగింది సరైన ప్రశ్న, కాయితంలో ఉన్నది తప్పు. అదే కాయితం ఆ నెలలో నలభై మందికైనా అమ్మి ఉంటాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆ వారం నుంచి ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నాను. మా పాప, మా అన్న కొడుకు, వీధిలో పిల్లలు, మొత్తం ఆరుగురో తొమ్మిదిమందో. ఫీజు లేదు, సర్టిఫికెట్ అంతకన్నా లేదు. ఏది పనిచేసిందో, ఏది తన్నిందో రాస్తున్నాను. మీ ఇంట్లో చెయ్యడానికి ఇందులో ఏదీ వంద రూపాయలు దాటదు. బంతులు మాత్రం ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

ముందు దూరం

బొమ్మల పుస్తకంతో తంటా ఏంటంటే, అన్నీ ఒకే పేజీలో పట్టాలి. అందుకని భూమి పక్కనే చందమామ, మధ్యలో ఓ స్టేషన్ వేసేస్తారు. పిల్లల బుర్రలో అదే అచ్చుపడిపోతుంది. రాకెట్ మాట ఎత్తకముందే దాన్ని చెరిపెయ్యాలి.

ఫుట్‌బాల్ ఒకటి, టెన్నిస్ బాల్ ఒకటి, కాస్త పురికొస కావాలి. ఫుట్‌బాల్ భూమి అనుకుంటే టెన్నిస్ బాల్ దాదాపు చందమామ సైజు. దాన్ని ఒకరి చేతికిచ్చి "చందమామ ఎంత దూరంలో ఉంటుందో అక్కడ నిలబడు" అనండి. అడుగు దూరంలో, మహా అయితే రెండడుగుల దూరంలో నిలబడతారు. మా ఇంటికొచ్చిన పెద్దవాళ్ళూ అంతే చేశారు. అప్పుడు ఫుట్‌బాల్ నడుము చుట్టూ పురికొస తొమ్మిదిన్నర చుట్లు చుట్టించండి. విప్పి నేల మీద పరిస్తే అదే చందమామ దూరం, సుమారు ఇరవై రెండడుగులు. మా మేడ మీద పిట్టగోడ నుంచి మెట్ల గది దాకా వచ్చింది. బంతి పట్టుకున్న పిల్ల వెనక్కి వెనక్కి నడుస్తూ "ఇంకానా? ఇంకానా?" అని అరుస్తుంటే మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు.

తర్వాత అసలు ప్రశ్న. "మనుషులుండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఎక్కడుంది? వేలు పెట్టి చూపించండి." ఒకసారి మోసపోయారు కాబట్టి ఈసారి తెలివిగా దూరం పోతారు. పురికొస మీద సగంలో పెడతారు, పావు దూరంలో పెడతారు. అసలు జవాబు బంతి తోలుకి ఏడు మిల్లీమీటర్ల ఎత్తు. చిటికెన వేలి వెడల్పు కూడా లేదు. నిజంలో అది 400 కిలోమీటర్లు. రోదసి మొదలయ్యే గీత అని ఎక్కువమంది ఒప్పుకునే కార్మన్ రేఖ 100 కిలోమీటర్లు. మన బంతి మీద అది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, రూపాయి బిళ్ళ మందం.

వంద కిలోమీటర్లంటే ఎంతో మా పిల్లలకి తెలుసు, ఇక్కణ్ణుంచి కొంచెం అటూ ఇటూగా నెల్లూరు. నెల్లూరు బస్సు నిటారుగా పైకి పోగలిగితే రెండు గంటల్లో రోదసిలో దిగుతాం. హైదరాబాదు పిల్లలకైతే మహబూబ్‌నగర్ అనుకోండి. మీ ఊరికి ఏ ఊరు సరిపోతుందో ముందే చూసిపెట్టుకోండి. అంకె చెబితే గుర్తుండదు, ఊరి పేరు చెబితే జన్మలో మర్చిపోరు.

ఇక్కడ ఆగండి. "నెల్లూరంత దగ్గరైతే ఎందుకంత కష్టం మరి?" అనే ప్రశ్న వాళ్ళ నోటి నుంచే రావాలి. మాకు మూడో ఆదివారం వచ్చింది. వచ్చేదాకా నేను నోరు మెదపలేదు.

తేలడం కాదు, పడటం

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఈ ప్రయోగం గురించే. మిగతావి వదిలేసినా ఇది వదలొద్దు.

లీటరు ప్లాస్టిక్ సీసాకి, అడుగు నుంచి రెండంగుళాల పైన, దబ్బనం కాల్చి ఓ బెజ్జం పెట్టండి. ఆ పని పెద్దవాళ్ళే చెయ్యాలి. బెజ్జం వేలితో మూసి నీళ్ళు నింపండి, మూత పెట్టొద్దు. వేలు తీస్తే ధారగా కారుతుంది. అది అందరికీ తెలిసిందే. ఇప్పుడు అడగండి: "కారుతుండగానే సీసాని కిందికి వదిలేస్తే ధార ఏమవుతుంది?" వదలకముందే ప్రతివాళ్ళ చేతా జవాబు చెప్పించండి, లేకపోతే తర్వాత అందరూ "నేను ముందే అనుకున్నా" అంటారు. మా దగ్గర సగం మంది ఇంకా జోరుగా కారుతుందన్నారు. ఒకడు పైకి చిమ్ముతుందన్నాడు.

కింద పెరట్లో ఎవరూ లేరని చూసుకుని పిట్టగోడ మీంచి వదిలాను. మా అన్న కొడుకు ఫోన్లో స్లో మోషన్ తీశాడు. చెయ్యి వదిలిన క్షణంలో ధార తెగిపోయింది. అప్పటికే బయటికొచ్చిన చుక్కలు సీసాతో పాటు పక్కపక్కనే దిగుతున్నాయి. బెజ్జం దగ్గర నీళ్ళు గాజుపూసలా ఉబ్బి అలాగే నిలబడ్డాయి. నేలకి తగిలాక భళ్ళుమంది. ఆ వీడియో పదకొండు సార్లు చూశారు. సీసా మళ్ళీ నింపి, మళ్ళీ వదిలి, చీకటి పడేదాకా అదే పని. నేను పాఠం ఏమీ చెప్పలేదు, బట్టలు తడిశాయని మర్నాడు ఇద్దరు అమ్మల చేత మాటలు మాత్రం పడ్డాను.

పాఠం చిన్నదే. సీసా పడుతోంది, లోపల నీళ్ళూ దానితో సమానంగా పడుతున్నాయి. ఇద్దరూ కలిసి పడుతుంటే ఒకరి మీద ఒకరి బరువు ఉండదు. అంతరిక్ష కేంద్రం సీసా, వ్యోమగాములు నీళ్ళు. 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వాకర్షణ మాయమైపోదు, ఇక్కడున్నదాంట్లో పదింట తొమ్మిది వంతులు అక్కడా ఉంది. వాళ్ళు తేలడం లేదు, ఎడతెరిపి లేకుండా పడుతున్నారు.

"మరి కింద పడరేం?" అంటారు. అప్పుడు బంతి అడ్డంగా విసిరి చూపించండి. మెల్లగా విసిరితే దగ్గర్లో పడింది. గట్టిగా విసిరితే దూరంగా పడింది. ఇంకా, ఇంకా గట్టిగా విసిరితే అది కిందికి దిగేలోపు గుండ్రటి భూమి కూడా దాని కింద వంగిపోతుంది. పడుతూనే ఉంటుంది, నేల మాత్రం అందదు. దాన్నే కక్ష్య అంటాం. అందుకు కావలసిన వేగం సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైమాట. సూళ్ళూరుపేట నుంచి చెన్నై 83 కిలోమీటర్లు, మా ప్యాసింజర్ రైలుకి రెండు గంటలు. ఆ వేగంతో పదకొండు సెకన్లు. భూమి చుట్టూ ఒక చుట్టు తొంభై నిమిషాలు, రోజుకి పదహారు సూర్యోదయాలు. కష్టమంతా ఎత్తులో లేదు, వేగంలో ఉంది. నెల్లూరు ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

ఇదంతా పక్కన వడియాలు తిరగేస్తూ వింటున్న మా అమ్మ, "అయితే త్రిశంకుడు ఇప్పటికీ పడుతూనే ఉన్నాడన్నమాట" అంది. ఇంద్రుడు తోసేస్తే, విశ్వామిత్రుడు ఆగమంటే, మధ్యలో ఉండిపోయినవాడు కదా. ఆ జవాబుకి పరీక్షలో మార్కులు పడవు. మా పిల్లలు మాత్రం అప్పటి నుంచీ ఉపగ్రహం కనిపిస్తే "త్రిశంకు పోతున్నాడు" అంటున్నారు. నేను సరిదిద్దలేదు.

కాయితం కట్టలు, తారాజువ్వ, వడియాలు

రాకెట్ మంట నేలని తన్నితే పైకి లేస్తుందనుకుంటారు చాలామంది. అలా అయితే తన్నడానికి ఏమీ లేని రోదసిలో అది పనిచెయ్యకూడదు. బెలూన్‌కి స్ట్రా అతికించి దారం మీద వదిలే ఆట అందరికీ తెలిసిందే, అది చెయ్యండి. నాకు మాత్రం షాపులో చక్రాల కుర్చీ ఎక్కువ పనికొచ్చింది. పిల్లని అందులో కూర్చోబెట్టి, కాళ్ళు పైకి పెట్టించి, ఒళ్ళో ఏ4 కాయితం కట్టలు నాలుగు పెట్టాను. ఒక్కోటీ రెండున్నర కిలోలుంటుంది. ఒక కట్ట ముందుకి విసిరితే (నేను పట్టుకున్నాను, కాయితం ఊరికే రాదు) కుర్చీ వెనక్కి జరిగింది. నాలుగూ విసిరాక "ఇంకా పోవాలి ఆంటీ" అంది. విసరడానికి ఇంకేం లేదు. అదే ఇంధనం అయిపోవడమంటే.

ఇక్కణ్ణుంచి లెక్క సులువు. చంద్రయాన్-3ని 2023 జులై 14న తీసుకెళ్ళిన ఎల్‌వీఎం3 రాకెట్ బయల్దేరేటప్పుడు 640 టన్నులు. తక్కువ ఎత్తు కక్ష్యలోకి అది చేర్చగలిగింది ఎనిమిది టన్నులు, కాస్త అటూ ఇటూగా. మిగతాది దాదాపు అంతా విసరడానికి తెచ్చుకున్న కట్టలే. ఖాళీ అయిన డబ్బాలు మధ్యలోనే ఎందుకు వదిలేస్తారో వేరే చెప్పక్కర్లేదు.

దీపావళి తారాజువ్వలో ఉన్నదీ ఇదే సూత్రం. అలాగని ఇంట్లో మందు కూరడం, అగ్గిపుల్ల తలలతో రాకెట్లు చెయ్యడం లాంటివి వీడియోలు చూసి మొదలుపెట్టొద్దు. సైకిలు పంపుతో సీసాలోకి గాలి కొట్టే నీళ్ళ రాకెట్ చాలు, అదీ మైదానంలో. నేను మేడ మీద చేశాను. బిరడా ఊడింది, సీసా నిటారుగా లేవాల్సింది పోయి పక్కకి తిరిగి, రెండు రోజులు ఎండిన మా అమ్మ గుమ్మడికాయ వడియాల చాప మీద లీటరు నీళ్ళు కుమ్మరించి వెళ్ళి పక్కింటి ట్యాంకుకి కొట్టుకుంది. ఆ వారం మా ఇంట్లో త్రిశంకుడి మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

ప్రయోగం చూడాలంటే

మా ఊరికి తూర్పున పులికాట్ సరస్సు, దాని మీద రోడ్డు, అవతల శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్‌తో (పై గాలి పొరల్ని పరిశీలించేది) అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. జనం కూర్చుని చూడ్డానికి 2019లో గ్యాలరీ కట్టారు. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఆన్‌లైన్లో పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి నమోదు తెరిచిన రోజే కూర్చోండి. దొరక్కపోతే బెంగపడకండి, మా ఊళ్ళో ఏ మేడ ఎక్కినా తూర్పున కనిపిస్తుంది. టోపీ, నీళ్ళు, మరమరాలు. చలికాలంలో వస్తే సరస్సులో ఫ్లెమింగోలు అదనం.

ఒక్క పని చెయ్యండి. మంట కనిపించగానే పిల్లల చేత పైకి లెక్కపెట్టించండి. ముందు వెలుగొస్తుంది, చప్పుడుండదు. రాకెట్ లేచి, మబ్బులో దూరి, ఇంకేముంది అయిపోయింది అనుకునేటప్పుడు కిటికీ రెక్కలు గడగడలాడతాయి. మా మేడ మీద యాభై దాటాక వస్తుంది. శబ్దం సెకనుకి 340 మీటర్లు నడుస్తుంది, కాబట్టి లెక్కపెట్టిన అంకెతో ప్రయోగ వేదిక ఎంత దూరమో వాళ్ళే కట్టేస్తారు. మా పాప మొదటిసారి ముప్ఫై దగ్గర "రాకెట్ చప్పుడు చెయ్యదేమో" అని ఆపేసింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆపలేదు.

ప్రయోగం ఆగిపోవచ్చు. ఆ మాట బయల్దేరే ముందే చెప్పండి. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం మా వీధంతా మేడల మీదే ఉంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లుండగా గడియారం ఆగింది. అప్పటికి చిన్నదైన మా పాప చాప మీద నిద్రపోయింది, లేపాలా వద్దా అని మేం గుసగుసలాడుకుంటున్నాం. వారం తర్వాత, 22న మధ్యాహ్నం, అదే రాకెట్ చక్కగా వెళ్ళింది. మనుషుల్ని రోదసికి పంపే మన గగన్‌యాన్ కోసం 2023 అక్టోబరు 21న చేసిన పరీక్షలో అయితే చివరి ఐదు సెకన్ల దగ్గర కంప్యూటర్ ఆపేసింది. కారణం కనుక్కుని అదే రోజు పది గంటలకి పంపారు. "ఆపడం కూడా వాళ్ళ పనే" అని పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

శ్రీహరికోటకి రాలేనివాళ్ళకి ఇంకోటుంది, ఖర్చు సున్నా. అంతరిక్ష కేంద్రం మీ ఇంటి మీంచి కూడా పోతుంది. సూర్యాస్తమయం అయ్యాక గంటా రెండు గంటల్లోపు, లేదా తెల్లవారకముందు చూడాలి. మీ ఊరికి ఎప్పుడో నాసా వాళ్ళ స్పాట్ ద స్టేషన్ యాప్‌లో ఉంటుంది. విమానంలా మిణుకుమనదు, చప్పుడుండదు. శుక్రుడంత వెలుగుతో నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. ఒక్కోసారి నడినెత్తిన ఉండగానే టక్కున ఆరిపోతుంది. అంటే భూమి నీడలోకి వెళ్ళిందన్నమాట. "అందులో మనుషులున్నారు, ఇప్పుడు భోంచేస్తూ ఉండొచ్చు" అని మెల్లగా చెప్పండి. 2025 జూన్ 25న బయల్దేరి జులై 15న తిరిగొచ్చిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడున్నన్నాళ్ళూ మేం వెతుకుతూనే ఉన్నాం. రెండుసార్లు మబ్బు. మూడోసారి కనిపించింది, తొమ్మిది మందీ చేతులూపారు. పక్కింటాయన ఎవర్ని పిలుస్తున్నారో అని బయటికొచ్చాడు.

తిండి, దొడ్డి, నిద్ర

పిల్లలకి కావలసింది ఇదే, పెద్దవాళ్ళు దాటేసేదీ ఇదే. దాటెయ్యకండి.

వంటింట్లో ఉన్నవాటితో పోటీ పెట్టండి: ఏది రోదసికి పనికొస్తుంది? సూత్రం ఒకటే, ముక్కలై ఎగరకూడదు. పొడి రాలితే అది గాల్లో తేలి కళ్ళలో, మిషన్లలో దూరుతుంది. అందుకే అక్కడ బ్రెడ్ బదులు చపాతీ లాంటి టోర్టియా వాడతారు. మా వాళ్ళు మరమరాలు, జంతికలు, కందిపొడి కొట్టేశారు. గట్టిగా కలిపిన పప్పన్నం పాసయింది. ఆవకాయ మీద పెద్ద గొడవ: ముద్దగా అంటుకుంటుంది కాబట్టి సరే అని ఒకళ్ళు, నూనె బొట్టు తేలితే ఎవడు పట్టుకుంటాడని ఇంకొకళ్ళు. గొడవ తేలలేదు. శుక్లా తీసుకెళ్ళింది క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిరసం అని చెబితే "అన్నీ అంటుకునేవే" అని వాళ్ళే పట్టేశారు.

దొడ్డికి ఎలా వెళ్తారు? గాలి లాగే గొట్టం ఉంటుంది, వాక్యూమ్ క్లీనర్ లాగా. మూత్రాన్ని శుద్ధి చేసి మళ్ళీ తాగేనీళ్ళు చేస్తారు. ఛీ అని అరుస్తారు, అరవనివ్వండి. ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెప్పేది అదొక్కటే. నిద్ర గోడకి కట్టిన సంచిలో. కండలు, ఎముకలు బలహీనపడతాయి కాబట్టి రోజూ రెండు గంటల దాకా వ్యాయామం. బరువు లేకుండా పోయిందని లోపలున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది అంటే, శుక్లా వాళ్ళు ఓ హంస బొమ్మ తీసుకెళ్ళారు. దాని పేరు జాయ్. అది గాల్లో తేలిందంటే కక్ష్యకి చేరినట్టే. మీ పిల్లలు ఏ బొమ్మని పంపుతారో అడగండి, అరగంట మాట్లాడతారు.

టికెట్టు ఎంత?

ఇక్కడ అబద్ధం చెప్పొద్దు. "నువ్వు పెద్దయ్యేసరికి అందరం చందమామ మీదికి టూర్ పోతాం" అనడం సులువు, కానీ అది మన చేతిలో లేని మాట.

డబ్బు కట్టి రోదసికి వెళ్ళిన మొదటి పర్యాటకుడు అమెరికాకి చెందిన డెన్నిస్ టిటో. 2001 ఏప్రిల్ 28న రష్యా సోయుజ్‌లో వెళ్ళాడు, సుమారు రెండు కోట్ల డాలర్లని అప్పట్లో చెప్పుకున్నారు. ఇప్పుడు టూరిజం రెండు రకాలు, పిల్లలకి బంతితోనే చూపించొచ్చు. నిటారుగా ఎగరేసి పట్టుకోవడం ఒకటి. పైదాకా పోయి, కొద్ది నిమిషాలు తేలి, దిగిపోవడం. ఇందాక చెప్పుకున్న విసురు, అంటే కక్ష్య, రెండోది. దానికి ఖర్చూ శిక్షణా ఎన్నో రెట్లు.

మొదటి రకంలో మన తెలుగువాళ్ళు ఇద్దరున్నారు. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్ళింది. ఆమె టూరిస్టు కాదు, ఆ కంపెనీ ఉద్యోగి, పైన మొక్కల మీద ప్రయోగం చేసింది. ఆ నౌక సుమారు 86 కిలోమీటర్లు చేరింది. అప్పుడు వాదన మొదలవుతుంది: వంద దాటలేదు కదా, రోదసికి వెళ్ళినట్టా కాదా? అమెరికా లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే చాలు. గీత మనుషులు గీసుకున్నదే, ప్రకృతి గీయలేదు అని చెప్పడానికి మంచి సందు. విజయవాడలో పుట్టిన గోపి తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ న్యూ షెపర్డ్‌లో వెళ్ళాడు, ప్రయాణం అంతా కలిపి పది నిమిషాలు. అదే నౌకలో తొంభై ఏళ్ళ ఎడ్ డ్వైట్ ఉన్నాడు. 1960ల్లో వ్యోమగామి శిక్షణకి ఎంపికై చివరికి అవకాశం రాని నల్లజాతి పైలట్ ఆయన. ఈ సంగతి విన్న రోజు మా అమ్మ వడియాలు వదిలేసి వచ్చి కూర్చుంది. ఆ నౌక దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు, మిగతా రెండింటితోనే భద్రంగా దిగింది. మూడు ఎందుకు పెడతారో అక్కడే చెప్పేయండి.

ఇక ధర. వర్జిన్ గెలాక్టిక్ ఒక దశలో టికెట్టు నాలుగున్నర లక్షల డాలర్లకి అమ్మింది. గుండుగుత్తగా నాలుగు కోట్ల రూపాయలనుకున్నాం. నా షాపులో కాపీ రెండు రూపాయలు. పిల్లలు లెక్క కట్టారు: రెండు కోట్ల కాపీలు తియ్యాలి. రోజుకి రెండు వేల కాపీలు తీస్తే పదివేల రోజులు, ఇరవై ఏడేళ్ళు. కాయితం, కరెంటు, అద్దె ఊరికే వస్తేనే. "ఆంటీ, నీకు అప్పటికి డెబ్భై" అంది ఒకత్తె. డ్వైట్ కన్నా చిన్నదాన్నే అన్నాను.

"అయితే డబ్బున్నోళ్ళే పోతారా?" అని అడుగుతారు. ఇప్పటికి టికెట్టు కొనేది వాళ్ళే అని ఒప్పుకోండి. దాంతో పాటు ఉద్యోగం మీద వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పండి: 1984లో వెళ్ళిన రాకేశ్ శర్మ, శుక్లా. గగన్‌యాన్ మా ఇంటికి కూతవేటు దూరం నుంచే మనుషుల్ని తీసుకెళ్ళబోతోంది. 2035కల్లా మనకో సొంత అంతరిక్ష కేంద్రం ఉండాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. నేల మీదే ఉండి చేసే పనులు వెయ్యి ఉన్నాయి, వెల్డింగ్ నుంచి వంట దాకా. మా ఊళ్ళో సగం ఇళ్ళకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

భయం వేసే ప్రశ్న

"ఎవరైనా చచ్చిపోయారా?" ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. తప్పించుకోవద్దు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక తిరిగొస్తూ ముక్కలైంది, కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. బయల్దేరేటప్పుడు ఊడిన నురగ ముక్క రెక్కని దెబ్బతీసిందని విచారణలో తేలింది. ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి ఇంతవరకూ చెప్పొచ్చు, ఇంకా చిన్నవాళ్ళకి అడిగినంత మేరకే. చెప్పగానే వేరే ఆటలోకి మళ్ళించకండి, కాసేపు ఊరకే కూర్చోనివ్వండి. మా దగ్గర ఐదు నిమిషాల నిశ్శబ్దం తర్వాత ఒకడు "మరి సునీతా విలియమ్స్ వచ్చేసింది కదా" అన్నాడు. ఎనిమిది రోజులకని 2024 జూన్‌లో వెళ్ళి, నౌకలో లోపాల వల్ల ఆమె తిరిగొచ్చింది 2025 మార్చి 18న. తొందరపడి రాలేదు కాబట్టే భద్రంగా వచ్చిందని వాడికి వాడే చెప్పుకున్నాడు.

వయసుల సంగతి క్లుప్తంగా: ఐదారేళ్ళవాళ్ళకి బెలూన్, హంస బొమ్మ, ఆకాశంలో పోయే చుక్క చాలు. సీసా ప్రయోగం ఎనిమిదేళ్ళ నుంచి బాగా ఎక్కుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఇస్రో నడిపే యువిక శిబిరానికి దరఖాస్తు చేయించండి, రాకపోతే టెన్షన్ పెట్టొద్దు. బంధువుల ముందు "మావాడు వ్యోమగామి అవుతాడట" అని మాత్రం అనకండి. అన్న మర్నాటి నుంచి మా అన్న కొడుకు రెండు వారాలు మేడ ఎక్కలేదు.

మొన్న ఆగస్టులో ఆ చందమామ ప్రశ్న పిల్లాడు మళ్ళీ షాపుకొచ్చాడు, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ప్రింటవుట్ అడగలేదు. ఒక్క ఏ4 కాయితం తెచ్చాడు. దాని మీద పళ్ళెం పెట్టి గీసిన పెద్ద గుండ్రం, దాన్ని ఆనుకుని పెన్సిల్‌తో సన్నటి గీత, గీతకి కాస్త పైన ఒక చుక్క. "స్కేలు ప్రకారం ఆంటీ. గీత వంద కిలోమీటర్లు, చుక్క స్టేషన్. రెండు కాపీలు."

మిషన్లో పెట్టాను. గుండ్రం పడింది, చుక్క పడింది, గీత పడలేదు. డార్క్ రెండు మెట్లు పెంచి మళ్ళీ తీశాను.